బస్సు వచ్చేలోగా

కంప్యూటర్ రిపేరు పనిలో హైదరాబాద్ వాళ్లకూ మాకూ ఒక తేడా ఉంది. ఏ కార్డు మీదైనా అనుమానం వస్తే వాళ్లు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బండి మీద వెళ్లి, ఇంకోటి తెచ్చి పెట్టి చూస్తారు. కరీంనగర్‌లో అదే కార్డు జూబ్లీ బస్టాండ్‌లో పార్సిల్ ఎక్కి మర్నాటికి గానీ చేతికి రాదు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ మూడొందల కిలోమీటర్లు. అక్కడివాళ్లకు ఓపిక నశిస్తే నాగ్‌పూర్ వెళ్తారు, వాళ్లకు అదే దగ్గర. అందుకని మా వైపు మెకానిక్‌కు సామాను మార్చి చూడటం కన్నా ముందు కూర్చుని ఆలోచించడం అలవాటవుతుంది. సరదాకేం కాదు, గత్యంతరం లేక.

ఈ అలవాటు విలువ తెలిసేది స్టోరేజీ కార్డుల దగ్గర. మదర్‌బోర్డు మీద హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు చాలకపోయినా, కాలిపోయినా, ఖాళీ స్లాటులో ఎక్కించుకునే చిన్న కార్డులివి. మా దగ్గర ఎక్కువగా వాడేది ఫొటో స్టూడియోల వాళ్లు. ఇక్కడి అసెంబుల్డ్ సిస్టమ్‌లలో హెచ్61, హెచ్81 బోర్డులు ఇంకా బోలెడున్నాయి. ఆ చిప్‌సెట్లు ఇచ్చే సాటా పోర్టులు నాలుగే. రెండు పెళ్లిళ్ల సీజన్లు గడిచాయంటే పాత డిస్కు తీయడానికి మనసు రాదు, కొత్తదానికి చోటుండదు. తర్వాత డీటీపీ షాపులు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడిచే పాత ఎక్స్‌పీ సిస్టమ్‌ను కదిలించనివ్వరు. బోర్డు మీది పోర్టు పోతే ఒక పీసీఐ కార్డు వేసి నెట్టుకొస్తారు.

ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ కార్డు మీద రాదు.

"అన్నా, హార్డ్ డిస్కు ఖరాబైంది. నిన్న రాత్రి దాంక మంచిగనే ఉండె. పొద్దుగాల సూస్తే కనవడ్తలేదు."

పత్తి మార్కెట్లో రైతుకూ మిల్లుకూ మధ్య అడ్తిదారు ఉన్నట్టు, డిస్కుకూ బోర్డుకూ మధ్య ఈ కార్డు ఉంటుంది. లెక్క తేడా వస్తే అటూ ఇటూ ఉన్నవాళ్లే ఒకరినొకరు అనుమానించుకుంటారు. మధ్యలో ఉన్నవాడి ఊసు ఆఖరున వస్తుంది.

కాబట్టి నేను మొదట అడిగేది ఇది: "విండోస్ ఏమన్న అడిగిందా? నువ్వు దేనికన్న ఓకే కొట్టినవా?" డిస్కులను జతకట్టి నడిపే రైడ్ కార్డులు కొన్ని డిస్కు మీద తమ సొంత గుర్తులు రాసుకుంటాయి. అలాంటి డిస్కును ఊడదీసి నేరుగా బోర్డుకు తగిలిస్తే, విండోస్ దాన్ని కొత్త డిస్కు అనుకుని ఇనిషియలైజ్ చేయమంటావా అని అడగవచ్చు. ఒప్పుకుంటే పెళ్లి ఫొటోలు అక్కడే ఉన్నా, ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పే పార్టిషన్ పట్టిక స్థానంలో ఖాళీ పట్టిక వచ్చి కూర్చుంటుంది. కార్డుకు వెయ్యి రూపాయలు పోతే పోయాయి. ఆ ఓకే బటన్ ఖరీదు అంతకంటే చాలా ఎక్కువ.

తర్వాత చూడాల్సింది, డిస్కు ఎవరికి కనిపిస్తోంది, ఎవరికి కనిపించడం లేదు అన్నది. సిలికాన్ ఇమేజ్ 3112, 3114 చిప్‌ల పాత కార్డులకు సొంత బయాస్ ఉంటుంది. సిస్టమ్ ఆన్ చేయగానే తమ పేరుతో ఒక నల్ల తెర చూపించి, తగిలించిన డిస్కుల పేర్లు చదువుతాయి. అక్కడ డిస్కు పేరు కనబడి విండోస్‌లో కనబడలేదంటే కార్డు, కేబుల్, డిస్కు మూడూ దాదాపు బాగున్నట్టే, ముందు వెతకాల్సింది డ్రైవర్‌ను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కన కోడ్ 28 ఉంటే డ్రైవరే వేయలేదు. కోడ్ 10 ఉంటే విండోస్ ఆ కార్డును లేపలేకపోతోంది. తెర వచ్చి డిస్కు పేరు రాకపోతే కేబుల్, పవర్, వేగం చూడాలి. తెరే రాకపోతే స్లాటు మార్చి చూడాలి. అయితే కొత్త యూఈఎఫ్ఐ బోర్డుల్లో పాత బయాస్ పద్ధతికి వీలిచ్చే సీఎస్ఎం ఆపేసి ఉంటే పాత కార్డుల తెర అసలు రాదు. ఆ కార్డు మీది డిస్కు నుంచి బూట్ కాదు కూడా. డ్రైవర్ ఉంటే విండోస్ లేచాక మాత్రం ఫైళ్లన్నీ నిక్షేపంగా కనిపిస్తాయి. తెర రాలేదన్న ఒక్క కారణంతో బాగున్న కార్డులు చెత్తబుట్టల్లో చేరాయి.

వేగం సంగతి కాస్త చెప్పాలి. వయా వీటీ6421 చిప్‌తో వచ్చిన పీసీఐ కార్డులు మొదటి తరం సాటావి, సెకనుకు 1.5 గిగాబిట్లు. తర్వాత 3 గిగాబిట్ల డిస్కులు వచ్చాయి. కొత్త డిస్కు పాత కార్డు దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకోవాలి, పద్ధతి అదే. ఈ చిప్‌తో ఆ బేరం కుదరదు. డిస్కు తిరుగుతున్న చప్పుడు వినబడుతుంది, చేత్తో పట్టుకుంటే వణుకు తెలుస్తుంది, కార్డు మాత్రం ఏమీ లేదంటుంది. కస్టమర్‌కు ఇంతకంటే అయోమయం ఉండదు. ఆ కాలపు డిస్కుల వెనుక వేగాన్ని 1.5కు కట్టేసే జంపర్ పిన్నులుండేవి. రెండు పిన్నుల మీద చిన్న ప్లాస్టిక్ టోపీ పెట్టగానే డిస్కు ప్రత్యక్షమయ్యేది. ఆ పిన్నులు లేని డిస్కుకు ఈ వైద్యం లేదు. అప్పుడు వేరే చిప్ కార్డు తెప్పించాల్సిందే, బస్సుకు ఎదురుచూడాల్సిందే.

సైజు దగ్గర ఇంకో చిక్కు. 3 టీబీ డిస్కు కొని తెచ్చి తగిలిస్తే 746 జీబీ చూపించిందని గగ్గోలు. షాపువాడు మోసం చేశాడంటారు. పాత డ్రైవర్ 32 బిట్లతో సెక్టార్లు లెక్కపెడితే సుమారు 2.2 టీబీ దగ్గర లెక్క సున్నాకు తిరిగొస్తుంది, మిగిలింది ఆ 746. అలాంటి చోట డిస్కు వాడుకోవడం మొదలుపెడితే, ఒకచోట రాయబోయి ఇంకోచోట ఉన్నదాన్ని చెరిపే ప్రమాదం ఉంది. డ్రైవర్ తేలేదాకా దాని మీద ఒక్క ఫైలు కూడా రాయనివ్వకూడదు.

కేబుల్‌ను తేలిగ్గా తీసుకుంటారు గానీ నా లెక్కలో మొదటి అనుమానితుడు అదే. లోపల వాడే సాటా కనెక్టర్లను తయారుచేసేదే సుమారు 50 సార్లు తీసి పెట్టడానికి. స్టూడియోల్లో డిస్కులు మారుస్తూ ఆ లెక్కను ఎప్పుడో దాటేస్తారు. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ అంకె ఉంటుంది, తీగ మీద చెడిపోయి వచ్చిన డేటా లెక్క అది. అది పెరుగుతుంటే దారిలో లోపం. 5, 197 అంకెలు పెరుగుతుంటే డిస్కే పోతోంది. 199 ఒకసారి పెరిగితే తగ్గదు. అందుకని కేబుల్ మార్చిన రోజు అంకెను క్యాబినెట్ తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసి పెడతాను, వారం తర్వాత పెరిగిందా లేదా చూస్తాను. బాగున్న డిస్కు కేబుల్‌ను పాడైందన్న డిస్కుకు తగిలించి చూడటానికి బస్సు అక్కర్లేదు. ఒక్క షరతు, ఒకసారికి ఒకటే మార్చాలి. కేబుల్, స్లాటు, డ్రైవర్ మూడూ ఒకే ఊపులో మార్చేసి "సెట్ అయింది" అనేవాళ్లను చూస్తుంటాను. దేనివల్ల సెట్ అయిందో వాళ్లకూ తెలియదు, మళ్లీ పోయినప్పుడు మళ్లీ మూడూ మారుస్తారు.

పది పోర్టుల కార్డు చౌకగా వస్తోందని అడుగుతుంటారు. చాలావాటిలో అసలు చిప్ పోర్టులు నాలుగైనా ఉండవు, మిగతావి పోర్ట్ మల్టిప్లయర్‌తో ఒకే దారిని పంచుకునేవి. ఒక డిస్కు మొరాయిస్తే పక్కవి కూడా ఆగుతాయి. స్టూడియోకు నేను వద్దంటాను.

గోదావరిఖని, మందమర్రి వైపు నుంచి వచ్చే సిస్టమ్‌లు తెరిస్తే దుమ్ము నల్లగా ఉంటుంది. బొగ్గు పొడి, దాని మీద వానాకాలపు చెమ్మ. కార్డు అంచు బంగారు పూత కాంటాక్టులను తెల్ల రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పెడితే సగం కార్డులు బతుకుతాయి.

మిగతా సగంలో కొన్ని మాత్రం ఒకే షాపులో మళ్లీ మళ్లీ పోతుంటాయి. అప్పుడు క్యాబినెట్ మూసి గోడ వైపు చూడాలి. కరీంనగర్ చుట్టూ నేల రాయి, ఎర్తింగ్ రాడ్ లోతుకు దిగదు. ఆదిలాబాద్ నల్లరేగడి వానాకాలం బాగుంటుంది, ఎండాకాలం నెర్రెలిచ్చి రాడ్‌ను వదిలేస్తుంది. ఎర్త్ లేని సిస్టమ్‌లో ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా క్యాబినెట్ మీదికి తెస్తాయి. కరెంటు కొంచెమే కాబట్టి మనిషికి జిల్లుమంటుంది అంతే. సొంత అడాప్టర్ ఉన్న బయటి డిస్కు పెట్టెను ఈ-సాటా తీగతో కార్డుకు తగిలించే క్షణంలో ఆ తేడా ఆ సన్నటి పిన్నుల గుండానే సర్దుకుంటుంది. చిప్‌కు ఆ కొంచెమే చాలు.

మొన్న మంచిర్యాలలో ఒక స్టూడియో యజమానికి ఇదంతా చెబితే ఆశ్చర్యపోయాడు. "ఎర్తింగ్ ఉన్నదన్నా, సూడు, మూడు హోళ్లున్నయ్" అన్నాడు. స్విచ్‌బోర్డు విప్పి చూపించాను. మూడో హోల్ వెనుక తీగే లేదు. "కరెంటాయన పైసలైతే మూడింటికీ తీసుకున్నడు గద" అని ఆయన ఫోన్ తీశాడు. నేను ఎర్తింగ్ గుంతకు ఉప్పు, కట్టెబొగ్గు బస్తాలు ఎన్ని కావాలో కాగితం మీద రాస్తున్నాను.