పల్లకి ఎత్తిన చెయ్యి

ఈ వారం ఒక పుస్తకంలో చూసిన బొమ్మ నన్ను వదలడంలేదు. చైనా కవి జెంగ్ సిషియావో 1306లో గీసిన ఆర్కిడ్ అది. ఆకులున్నాయి, పువ్వుంది, కింద మట్టి లేదు. 1279లో సోంగ్ వంశం మంగోలుల చేతిలో కూలిపోయింది. మట్టిని పరాయివాళ్లు ఎత్తుకుపోయాక ఇక గీయడానికేముందని ఆయన అన్నాడని చెబుతారు.

తెలుగులో అలాంటివాడు ఎవరని ఆలోచిస్తే అల్లసాని పెద్దనే తోచాడు. నా పాఠకులకు తెలుసు, నాది కాళహస్తీశ్వర శతకం చెప్పిన ధూర్జటి పక్షం. ఏర్పేడువాణ్ని, పక్కనే కాళహస్తి. రాజుల కొలువును అంతగా ఏవగించుకున్న కవి ఉండగా, రాజు పోయాడని ఏడ్చిన కవి నాకెందుకు అనుకునేవాణ్ని.

శ్రీకృష్ణదేవరాయలు పోయాక చెప్పినట్టుగా పెద్దన పేరున నిలిచిన చాటువును మళ్లీ చదివాను. ఎదురైతే రాయలు ఏనుగునాపి చెయ్యందించి ఎక్కించుకున్నాడు. మనుచరిత్ర అందుకున్ననాడు కవి పల్లకికి తానే చెయ్యి వేశాడు. గండపెండేరం స్వయంగా తొడిగాడు. అలాంటివాడితో పోలేక బతికున్న శవంలా మిగిలానంటాడు పెద్దన.

అది చదువుతుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. 2010 మేలో కాళహస్తి గాలిగోపురం కూలింది. రాయలు 1516లో కట్టించిన గోపురం. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. రాయలెవరో ఆమెకు పట్టదు. శివరాత్రి తిరునాళ్లలో వాళ్ల నాయన భుజాలమీద కూర్చుని మొదటిసారి ఆ గోపురం చూసింది, అంతే. 2017లో కొత్తది లేచాక తీసుకెళ్లాను. భక్తిగా దండం పెట్టి, "బాగుంది నాయినా, అది మాత్రం ఇది కాదు" అంది.

పెద్దన సంగతీ అంతే. 1529లో రాయలు పోయినా రాజ్యం పోలేదు. అచ్యుతరాయలు తిరుపతిలో, మన కాళహస్తిలో పట్టాభిషేకం చేయించుకున్నాడు. సింహాసనం నిండింది. పెద్దన దుఃఖం తీరలేదు. 1565లో విజయనగరం నిజంగానే కూలాక రామరాజభూషణుడు వసుచరిత్రను పెనుగొండలో తిరుమలరాయలకు అంకితమిచ్చాడు. తప్పేం లేదు, కవికి కొలువు కావాలి. పెద్దన ఏడ్చింది మాత్రం కొలువు కోసం కాదు. సిషియావోకు కావలసింది మట్టి, పెద్దనకు ఆ చెయ్యి. చాటువులో వంశం ఊసే లేదు. ఇందులో ధూర్జటికి మాత్రం ఏం అభ్యంతరం ఉంటుంది?

మా మండలం తెలుగు మాస్టర్లకు ఒక మనవి. కాళహస్తీశ్వర శతకం చెప్పే రోజున ఈ చాటువు కూడా పిల్లలచేత చదివించండి.