చిన్న దవడకు పెద్ద పీట

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లిన పిల్లలు కోటాసారస్ అస్థిపంజరం ముందు ఫొటో దిగకుండా కదలరు. మన గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. దాని మీద నాకు కోపమేమీ లేదు గానీ, ఆ లోయ గొప్పతనమంతా ఆ తొడ ఎముకల్లోనే ఉందంటే మాత్రం ఒప్పుకోను. అదే యాదగిరి ఆ ఎముకలిచ్చిన కోటా అనే రాతి పొరల నుంచే ఒకటి రెండు మిల్లీమీటర్ల క్షీరదాల పళ్లు ఏరి ఇండోథీరియం, నాకునోడాన్ అని లోకానికి చూపించారు. వాటి ముందు ఎవరూ ఫొటో దిగరు. పెద్ద ఎముక కాలికి తగిలినా తెలుస్తుంది. చిన్న దవడ దొరకాలంటే చేయి తిరగాలి, కన్ను కుదరాలి.

నన్నడిగితే మన నేల మీద జరిగిన అసలైన పనితనం పైకాసిగూడెంలో ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన దగ్గరి చిన్న ఊరది. అక్కడి జురాసిక్ కాలపు మట్టిని జల్లెడ పట్టి, సూసన్ ఇవాన్స్, గుంటుపల్లి ప్రసాద్, బి.కె. మన్హాస్ 2001లో రెండు బుల్లి సరీసృపాలకు పేర్లు పెట్టారు: రెబ్బనసారస్ జైనీ, గోదావరిసారస్ లతీఫీ. మరుసటి ఏడాది భారతాగమ రెబ్బనెన్సిస్ వచ్చింది. ఒక మండలం పేరు, ఒక నది పేరు, ఒక దేశం పేరు గోరంత దవడ ముక్కల మీదుగా ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కాయి. ఇంతకంటే ఏ రాక్షసబల్లి ఏం చేసింది?

ఆ మొదటి రెండూ స్ఫినోడాంటియన్ల కుదురువి. ఒకప్పుడు భూమి నిండా ఉన్న ఆ వంశంలో నేడు మిగిలింది న్యూజిలాండ్‌లోని టువటారా ఒక్కటే. భారతాగమ మాత్రం మన పెరటి తొండకు దూరపు చుట్టమని వాళ్లు చెప్పారు. దానికి ఆధారం పళ్లే. బల్లి పళ్లు దవడ లోపలి గోడకు ఆని ఉంటాయి, ఊడితే కొత్తవి వస్తాయి. తొండకు పక్క పళ్లు దవడ అంచు మీదే ఎముకతో కలిసిపోతాయి, ఊడవు. దవడ పెరిగేకొద్దీ వెనక కొత్త పళ్లు చేరుతుంటే ముందువి అరిగిపోతుంటాయి. కాబట్టి విరిగిన ముక్క చేతిలో పడినా, అందులో మూడు పళ్లు మిగిలినా, అది ఏ ఇంటిదో, ముసలిదో పడుచుదో చెప్పగల మనిషి ఉంటాడు. ఆ చూపుకు దండం పెట్టాలి.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. మొదటి నేర్పు మట్టి ఎంపికలో ఉంది. పాత చెరువు అడుగో, వాగు మలుపో అయిన పొర కావాలి. చేప పొలుసులు, గుల్లలు కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. తవ్వి తెచ్చిన మట్టిని ఎండలో బాగా ఆరబెట్టాలి. తొందరపడి పచ్చి బంకమట్టిని నీళ్లలో వేస్తే ముద్దగానే ఉండిపోతుంది. పూర్తిగా ఎండినదైతే నీరు తగలగానే పగిలి విచ్చుకుంటుంది. మొండి మట్టి అయితే ఎండబెట్టాక కొన్ని గంటలు కిరోసిన్‌లో నానబెట్టి, కిరోసిన్ వంపేసి, అప్పుడు నీళ్లు పోస్తారు. గట్టి మట్టి కళ్లముందే బురదైపోతుంది. నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయాల్సిన పని ఇది.

సున్నపురాయి అయితే దారి వేరు. పలుచటి ఎసిటిక్ ఆమ్లంలో ముంచితే సున్నం కరుగుతుంది. ఫాస్ఫేటుతో అయిన ఎముక, పన్ను మిగులుతాయి. ఆమ్లం ఘాటు పెరిగితే ఎముకా పోతుంది. బయటికి తీశాక రోజుల తరబడి మంచినీళ్లు మారుస్తూ కడగకపోతే లోపల మిగిలిన ఉప్పు గట్టిపడి ఎముకను చీల్చేస్తుంది. ఇక్కడ ఓపిక లేనివాడు చేతికందినదాన్ని చేతులారా పాడుచేసుకుంటాడు.

తర్వాత జల్లెడలు. పైన పెద్ద కన్నులది, కింద అర మిల్లీమీటరుదో అంతకంటే సన్ననిదో. నీళ్లలో సగం ముంచి నెమ్మదిగా ఊపాలి. వేళ్లతో రుద్దితే పళ్లు విరుగుతాయి. పైనుంచి నీళ్లు కుమ్మరించినా అంతే. ఈ నీటి జల్లెడ పద్ధతిని క్రమపరిచి 1949లో రాసిపెట్టిన అమెరికన్ క్లాడ్ హిబ్బర్డ్ పేరును ఈ పని చేసేవాళ్లు మరవరు. టన్నుల మట్టి కడిగితే పిడికెడు మిగులుతుంది. ఆ పిడికెడును ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద చిటికెడు చిటికెడుగా పరిచి, తడి చేసిన సన్నటి కుంచె మొనతో ఏరాలి. మా అమ్మమ్మ చాటలో బియ్యం పోసుకుని కబుర్లాడుతూనే మెరిక తీసి పారేసేది. ఏరడంలో ఆరితేరినవాళ్ల చేతులూ అలాగే ఉంటాయి. ఇసుక రేణువు ఎటు తిప్పినా గాజులా ఉంటుంది. పంటి పింగాణీకి నునుపైన మెరుపుంటుంది, విరిగిన ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి. ఆ తేడా పుస్తకం చదివితే రాదు.

చరిత్ర అంటారా, పొడుగ్గా చెప్పను. పందొమ్మిదో శతాబ్దంలో నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లప్ ఈ లోయ రాళ్లు ఏరాడు. ఇరవయ్యో శతాబ్దంలో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చి, కలకత్తాలో ఆయన నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిలాజాల చదువుకు పునాది వేసింది. 1981లో పి.ఎం. దత్తా కోటా పొరల నుంచి భారతదేశపు తొలి జురాసిక్ క్షీరదాన్ని తెచ్చి జీవశాస్త్రవేత్త హాల్డేన్ గౌరవార్థం కోటాథీరియం హాల్డేని అన్నారు. ఇక నా దృష్టిలో మకుటం 1988 నాటిది. వికారాబాద్ జిల్లా నాస్కల్‌లో, లావా పొరల నడుమ ఉన్న మట్టిని కడిగి ప్రసాద్, అశోక్ సాహ్ని దెక్కనోలెస్టిస్ పళ్లు తీశారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం బయటపడటం అదే మొదలు. ఆ నాస్కల్ మట్టే 1992లో ఇండోఫిస్ అనే పామునూ ఇచ్చింది.

మరి కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు ఇందులో ఏముంది? సూటిగా చెప్పాలి: మన కాళ్ల కింద గ్రానైటు. కరిగిన రాయి చల్లారి గట్టిపడిన నేల. అందులో దవడా ఉండదు, పన్నూ ఉండదు. ఎల్లారెడ్డి గుట్టల మీద వింత ఆకారపు బండను చూపి రాక్షసబల్లి గుడ్డు అనేవాళ్ల మాట నమ్మకండి. అయితే పడమరగా జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగడి మొదలవుతుంది. దాని కింద ఉన్నది నాస్కల్‌లో ఉన్న దక్కన్ లావా రాయే. బావి తవ్వకంలోనో రోడ్డు కోతలోనో రెండు లావా పొరల మధ్య చెరువు మట్టి పొర కనిపిస్తే దాన్ని జల్లెడ పట్టి చూడాల్సిందే. గ్రానైటు మీద పుట్టినవాళ్లకూ సాధన ఇంటి దగ్గరే దొరుకుతుంది. వాగు ఒడ్డు ఇసుక కడిగి చేప ఎముకలు ఏరండి. పాత గోడల కింద గుడ్లగూబ కక్కిన ఉండలు నానబెట్టి ఎలుక పళ్లు, తొండ దవడలు విడదీయండి. బతికున్నవాటి ఎముక తెలియనివాడికి రాతిలోని ఎముక చిక్కదు.

ఇప్పుడు మంట పుట్టించే సంగతి. చైనా గుయిజౌ ప్రాంతపు కైచౌసారస్ అనే జానెడు ట్రయాసిక్ సరీసృపానికి మార్కెట్లో తెగ గిరాకీ. 1958లో శాస్త్రానికి ఎక్కిన ఆ చక్కని జీవి పేరు మీద నేడు రెజిన్ పోతలు, రంగు పూసిన పక్కటెముకలు, ఉలితో చెక్కిన తోకలు అమ్ముతున్నారు. భూతద్దం పెడితే గాలి బుడగలు కనిపిస్తాయి, కాల్చిన సూది గుచ్చితే ప్లాస్టిక్ వాసన వస్తుంది. అయినా వేలు పోసి కొని హాల్లో పెట్టుకుంటున్నారు. నకిలీ కంటే నాకు ఎక్కువ ఒళ్లు మండేది అసలును చెడగొట్టేవాళ్ల మీద. ఏ ఊరు, ఏ పొర, ఎంత లోతు అని రాయకుండా జేబులో వేసుకొచ్చిన పన్ను సగం చచ్చినట్టే. పన్నుకు విలువ దాని చిరునామాలో ఉంది. ఇక జేసీబీ సంగతి. పెద్ద డైనోసార్ ఎముక అడ్డుపడితే డ్రైవరైనా ఆగి చూస్తాడు. చిన్న దవడలున్న పొర గదంత వెడల్పు కూడా ఉండకపోవచ్చు. ఒక పూట చదునుతో కోట్ల ఏళ్ల చరిత్ర గట్టు మట్టిలో కలుస్తుంది, ఎవరికీ చెప్పకుండా. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ముసాయిదా బిల్లు విడుదల చేసింది. బిల్లు ఏదైనా, పైకాసిగూడెం, నాస్కల్ పొరల పక్కన కనీసం ఒక బోర్డు, ఒక కంచె, ఊళ్లో ఒక కావలి మనిషి ఉండాలని నేనంటాను.

కంచెతో పాటు కనిపెట్టినవాళ్లకు గౌరవమూ కావాలి. ఇంగ్లండ్‌లో ఒక క్వారీలో దొరికిన చిన్న సరీసృపానికి 1939లో శాస్త్రవేత్త స్వింటన్ క్లీవోసారస్ హడ్సోని అని పేరు పెట్టాడు. దాన్ని కనుగొన్న ఎఫ్.జి. హడ్సన్ పేరు అలా నిలిచింది. మన రెబ్బనసారస్‌కు ఆ క్లీవోసారస్ జ్ఞాతి. చూసి, చెప్పి, అప్పగించినవాడికి దక్కిన గౌరవం ఆ పేరు. మన దగ్గర సరదాగా మట్టి ఏరేవాళ్లు లెక్కకు కూడా రారు. రావాలి.

అందుకే కామారెడ్డి, ఎల్లారెడ్డి సైన్స్ మాస్టార్లకు నా విన్నపం. ఈ ఎండాకాలం పిల్లలకు ప్లాస్టిక్ డైనోసార్లు కొనివ్వకండి. రెండు జల్లెడలు, ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం ఇవ్వండి. రక్షిత స్థలాల్లో, పరులు తవ్వుతున్న చోట చేయి పెట్టొద్దని ముందే చెప్పండి. అనుమానం వచ్చిన ముక్క దొరికితే చోటు రాసుకుని, ఫొటో తీసి, విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకో చూపించండి. అమ్మకండి, దాచుకోకండి.