గడి, పార్టీ, సంసారం: తెలంగాణ పోరాట స్త్రీల జీవనకథనాల్లో బేరమాడే శక్తి

సారాంశం

తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల జీవనకథనాలను విమర్శకులు ఎక్కువగా ధైర్యత్యాగాల కోణంలో చదివారు. కుటుంబ ఆర్థికశాస్త్రంలోని ‘బేరసారాల’ భావనతో చదివితే ఆ కథనాల్లో భూమి, శ్రమ, వివాహం ఒకే లెక్కలో కనిపిస్తాయి. ఆ భావన పరిమితులు కూడా బయటపడతాయి. వీటిని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జీవనకథనం, వెట్టి, ఆడబాప, కౌలు, స్త్రీధనం, కుటుంబ బేరసారాలు.

1. ప్రవేశిక

కుటుంబమంతటికీ ఒకే ప్రయోజనం ఉంటుందన్న భావనను 1980ల నుంచి ఆర్థికవేత్తలు ప్రశ్నిస్తూ వచ్చారు. ఇంటి నిర్ణయాల్లో ఎవరి మాట చెల్లుతుందనేది పలు విషయాలపై ఆధారపడుతుందని అమర్త్యసేన్ 1990 నాటి వ్యాసంలో వివరించారు. ఎవరి శ్రమకు ఇంట్లో గుర్తింపు ఉందనేది వాటిలో ఒకటి, బంధం తెగితే ఎవరికి ఏం మిగులుతుందనేది మరొకటి. బీనా అగర్వాల్ 1994లో భూమిహక్కును ఈ చర్చకు కేంద్రం చేశారు. బేరం ఇంటి గడప దాటి సమాజం, రాజ్యం వరకు సాగుతుందని ఆమె చూపారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను ఈ వెలుగులో చదవవచ్చు.

2. కౌలుదారుగా ఐలమ్మ

పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. పోరాటకాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ అక్కడ భూమిని కౌలుకు తీసుకొని సాగు చేశారు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంటను పట్టుకుపోవడానికి రాగా, సంఘం అండతో ధాన్యాన్ని ఇంటికి చేర్చుకున్నారు. 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరును ‘వీరనారి’ అనే విశేషణంతో కలిపి పెట్టారు. ఆ విశేషణం సముచితమే, కానీ దాని వెనుక ‘కౌలుదారు’ కనుమరుగవుతోంది. ఐలమ్మ కాపాడుకున్నది తన పేరుమీద లేని భూమిలో తన శ్రమతో పండిన పంటను. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది, కౌలురైతులకు వర్తించలేదు. శ్రమకు గుర్తింపు పట్టాతోనే వస్తుందన్న పాత సూత్రం అక్కడా నిలిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రచారంలో ఉన్న ఐలమ్మ కథలో భర్త ప్రస్తావన స్వల్పం. దాన్నిబట్టి ఇంట్లో ఆమె మాటే చెల్లిందని చెప్పలేం. కథలో మౌనం వేరు, అధికారం వేరు.

3. ఇంటిలోని గడి

గడిని అగర్వాల్ చెప్పే ‘బయటి’ శక్తులలో ఒకటిగా లెక్కించడం తెలంగాణ విషయంలో చాలదు. వెట్టి కులాల ఇంట్లో పనివేళను భార్యాభర్తలు పంచుకునేలోపే గడి తన వాటా తీసుకునేది. ఆడబాప వ్యవస్థ ఇంకా కఠినమైనది. దొర కూతురి పెళ్లిలో సారెసామాన్లతోపాటు ఒక పేదింటి అమ్మాయిని కూడా అత్తవారింటికి పంపేవారు. ఒక స్త్రీ వివాహంలో మరో స్త్రీ లావాదేవీ వస్తువైంది. ఆమెకు తెంచుకోదగిన బంధమే లేదు కాబట్టి, బంధం తెగితే ఏం మిగులుతుందన్న ప్రశ్నకు ఇక్కడ తావులేదు. బి.నర్సింగరావు ‘దాసి’ (1988) చిత్రం తాకినది ఈ శూన్యాన్నే. బేరానికి కూర్చునే అర్హత ఎవరికుందన్నది బేరానికి ముందే కులం, గడి తేల్చేశాయి. సిద్ధాంతం ఈ తొలిమెట్టును ముందుగా పరిశీలించాలి.

4. పార్టీకి చేరిన స్త్రీధనం

వివాహంతో వచ్చిన ఆస్తి ఉద్యమానికి చేరినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి కోస్తావైపు చూడాలి. కొండపల్లి కోటేశ్వరమ్మ తన బంగారాన్ని పార్టీకి ఇచ్చారు. తరువాత భర్త ఆమెకు దూరమయ్యారు. ఆమె చదువు మళ్లీ మొదలుపెట్టి, కాకినాడ మహిళా పాలిటెక్నిక్ వసతిగృహంలో మేట్రన్‌గా పనిచేశారు. ఆ అనుభవాలు ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ (2012)లో ఉన్నాయి. ‘త్యాగం’ అన్న మాట ఆమె ఇచ్చినదాన్ని గౌరవిస్తుంది, కానీ ఒంటరైన నాడు ఆమెకు అండగా నిలవాల్సిన ఆస్తి అదేనన్న సంగతిని దాచేస్తుంది. దున్నేవాడికి భూమి కావాలన్న ఉద్యమం, ఇంట్లో ఆస్తి ఎవరిదన్న ప్రశ్నను అంత గట్టిగా అడగలేదు.

రాజ్యం ఆ ప్రశ్నను ఆలస్యంగా, సగంగా అడిగింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ హిందూ ఉమ్మడి కుటుంబంలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది. పెళ్లయిన కూతురు పుట్టింటికి పరాయిదన్న లోకోక్తి చట్టంలోకే ఎక్కింది.

5. ముగింపు

ఈ కథనాలు దశాబ్దాల తరువాత జ్ఞాపకం నుంచి చెప్పినవి, సంపాదకుల ప్రశ్నలకు జవాబుగా రూపొందినవి. వాటిని లెక్కల పుస్తకాలుగా చదవడం పొరపాటు. అయినా ఎవరి శ్రమ, ఎవరి పేరు, విడిపోతే ఏం మిగిలింది అన్న మూడు ప్రశ్నలతో చదివితే, వీరగాథలో కనిపించని ఆర్థికజీవితం బయటపడుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మౌఖిక కథనాలు సేకరించే పరిశోధకులు ‘పోరాటంలో మీరేం చేశారు’ అన్న ప్రశ్నతో ఆగకూడదు. ‘పోరాటం తరువాత ఇంట్లో మీ పేరున ఏముంది’ అని కూడా అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల తరం వేగంగా తరిగిపోతోంది.