ఇంట ఓడే రోజు

ఉత్తర చెన్నైలోని కాసిమేడుకు చెందిన కీర్తన 2025 డిసెంబరులో మాల్దీవుల్లో జరిగిన క్యారమ్ ప్రపంచకప్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. అంతకు ముందు ఏడాది అమెరికాలో జరిగిన ప్రపంచకప్‌లో చెరియన్ నగర్ ఆటోడ్రైవరు కూతురు కాజిమా గెలిచినవీ మూడే: సింగిల్స్, డబుల్స్, టీమ్. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2008లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన ఇళవళగిది వ్యాసర్పాడి. రాయపురం చుట్టుపక్కల ఈ కొద్దిపాటి నేలలోంచి ఇంతమంది విజేతలు రావడం ఏ ఊరికైనా గర్వించదగిన సంగతి. కానీ ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక ఎత్తిపొడుపూ వస్తుంది. మనమూ శ్రీలంకా మాల్దీవులూ తప్ప క్యారమ్స్ ఎవరాడతారు, అక్కడ గెలిస్తే ప్రపంచ విజేత ఎలా అవుతారు అని. ఈ మాటను అసూయ కింద కొట్టిపారేయడం తేలిక. నిజానికి ఇది అడగవలసిన ప్రశ్నే. ఒక పోటీకి ‘ప్రపంచ’ అన్న పేరు ఎప్పుడు చెల్లుతుంది? జవాబు కోసం క్యారమ్ బోర్డును కాసేపు పక్కన పెట్టి, మన ఎండలకు బొత్తిగా సంబంధం లేని మంచు ఆట ఒకదాని చరిత్ర చూడాలి.

నార్డిక్ స్కీయింగ్ అంటే కొండ మీంచి జారిపడేలా దిగే ఆట కాదు, అది ఆల్పైన్. ఇందులో మైళ్ళ కొద్దీ మంచు మీద సాగే క్రాస్‌కంట్రీ ఉంది, ర్యాంపు చివరి నుంచి గాల్లోకి ఎగిరే స్కీ జంపింగ్ ఉంది, రెండూ చేయవలసిన కంబైన్డ్ ఉంది. ఇది నార్వే సొంత ఆట. 1892 నుంచి క్రిస్టియానియా (ఇప్పటి ఓస్లో) నగరం అంచున హోల్మెన్‌కోలెన్ కొండ దగ్గర వాళ్ళకు ఒక జాతరలాంటి పోటీ జరుగుతోంది. 1901లో స్వీడన్ నార్డిక్ క్రీడలు మొదలుపెట్టింది. అందుకే ఒలింపిక్స్‌వాళ్ళు చలికాలపు ఆటలు కూడా పెడదామన్నప్పుడు నార్వే ఒప్పుకోలేదు. మా ఆటను మేం చూసుకుంటాం, మీరెందుకన్నది వాళ్ళ ధోరణి. చివరికి 1924లో ఫ్రాన్స్‌లోని షామొనీలో ‘శీతాకాల క్రీడా వారం’ జరిగింది. స్కీ పోటీల్లో ఇచ్చిన 12 పతకాల్లో 11 నార్వేకే దక్కాయి, ఆ తర్వాత వాళ్ళ అభ్యంతరం మంచులా కరిగిపోయింది. (అందులో ఒకటి పొరపాటున వాళ్ళకు వెళ్ళింది. జంపింగ్‌లో మార్కుల కూడిక తప్పిందని తేలి, అమెరికా ఆటగాడు ఆండర్స్ హాగెన్‌కు ఆ కాంస్యం 1974లో అందింది. మంచు ఆటలవాళ్ళు తొందరపడరు.) ఆ క్రీడా వారానికి తొలి శీతాకాల ఒలింపిక్స్ అన్న పేరు కూడా జరిగినప్పుడు లేదు, 1926లో పెట్టారు. అదే షామొనీలో 1924 ఫిబ్రవరి 2న 14 దేశాల ప్రతినిధులు కలిసి అంతర్జాతీయ స్కీ సమాఖ్యను స్థాపించారు.

ఆ సమాఖ్య తొలి పోటీలు మరుసటి ఏడాది చెకొస్లొవాకియాలోని యాన్‌స్కె లాజ్నె అనే కొండ ఊళ్ళో జరిగాయి. నాలుగు స్వర్ణాలూ ఆతిథ్య దేశానికే. విజేతల్లో ఒక్క నార్వేజియన్ లేడు, స్వీడన్‌వాడు లేడు, ఫిన్లాండ్‌వాడు లేడు. ఆ పోటీలు ఇప్పుడు రికార్డుల్లో మొదటి నార్డిక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌గా ఉన్నాయి, ఆ హోదా కూడా తర్వాత ఇచ్చిందే. దేశాల తలలు లెక్కపెట్టి ‘ప్రపంచ’ పేరు ఇవ్వాలంటే ఇది నిలబడదు. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. 1941లో ఇటలీలోని కోర్టీనాలో జరిగిన పోటీలను, పాల్గొన్న దేశాలు మరీ తక్కువన్న కారణంతోనే 1946లో సమాఖ్య రద్దు చేసింది కదా, అంటే లెక్క ముఖ్యమైనట్టే కదా అని. నాకైతే ఆ రెండు నిర్ణయాల మధ్య తేడా అంకెల్లో కనిపించదు. 1925లో రాదలచుకున్నవాళ్ళకు తలుపు తెరిచే ఉంది. 1941లో యుద్ధం నడుస్తోంది, నార్వే జర్మనీ ఆక్రమణలో ఉంది, పోటీ జరుగుతున్న గడ్డ మీదికి ఐరోపాలో సగంమంది అడుగు పెట్టలేరు. ఎంతమంది వచ్చారన్నది కాదు, ఎవరైనా రావచ్చా అన్నదే అక్కడ తేల్చిన విషయం.

అయితే తలుపు తెరిచి ఉంచడం ఒక్కటే చాలదు. మన సామెత ఇంట గెలిచి రచ్చ గెలవమంటుంది. అది ఆటగాడికి పనికొచ్చే సలహా. ఆటకు మాత్రం దారి తిరగబడుతుంది: రచ్చకెక్కిన ఆట, పుట్టింటివాళ్ళు తాము రాసిన నిబంధనల ప్రకారమే ఓడిపోవడం మొదలయ్యాకే నిజంగా అందరిదీ అవుతుంది. నార్డిక్ స్కీయింగ్‌లో ఆ రోజు చాలాసార్లు వచ్చింది. 1954లో స్వీడన్‌లోని ఫాలున్‌కు సోవియట్ యూనియన్ మొదటిసారి వచ్చింది. వ్లదీమిర్ కుజిన్ 30 కిలోమీటర్లు, 50 కిలోమీటర్లు రెండూ గెలిచాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళలకు తొలిసారి పెట్టిన 10 కిలోమీటర్ల పందెంలో ల్యుబోవ్ కోజిరెవా గెలిచింది. 1972లో సప్పోరో ఒలింపిక్స్‌లో 70 మీటర్ల జంపింగ్ పతకాలు మూడింటికి మూడూ జపాన్‌వే. ఆ రోజుల్లో ఒలింపిక్ ఫలితాలనే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫలితాలుగా కూడా లెక్కించేవారు, కాబట్టి కసాయా యుకియో ఒకే గెలుపుతో రెండు కిరీటాలు పెట్టుకున్నాడు.

వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది బిల్ కోక్ కథ. అతను అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంవాడు. క్రాస్‌కంట్రీలో తరతరాల పద్ధతి ఏమిటంటే, మంచులో రెండు సమాంతర గాళ్ళు ఉంటాయి, స్కీలు వాటిలోనే ముందుకూ వెనక్కూ కదలాలి. కోక్ ఒక కాలిని గాడిలోంచి బయటకు తీసి, ఐస్ స్కేటింగ్ చేసేవాడిలా పక్కకు నెట్టి వేగం పెంచాడు. 1982లో ప్రపంచకప్ మొత్తం పాయింట్లలో మొదటివాడయ్యాడు, ఆ ఏడాది ఓస్లో ఛాంపియన్‌షిప్స్‌లో 30 కిలోమీటర్లలో కాంస్యం తెచ్చుకున్నాడు. ఇది స్కీయింగే కాదని, నిషేధించాలని నార్డిక్ దేశాల్లో గట్టిగా వినిపించింది. 1985 నాటికి సీఫెల్డ్ పోటీల్లో పాత పద్ధతిలో వెళ్తే గెలిచే ఆశే లేకపోయింది. సమాఖ్య పాత పద్ధతిని చావనివ్వలేదు, కొత్తదాన్ని వెలివేయనూ లేదు. పందేలను క్లాసికల్, ఫ్రీస్టయిల్ అని రెండుగా విడదీసింది. 1987 ఓబెర్స్ట్‌డోర్ఫ్ ఛాంపియన్‌షిప్స్ నుంచి ఆ విభజన నడుస్తోంది. బయటివాడు వచ్చి ఆట స్వరూపాన్నే మారిస్తే, నిబంధనల పుస్తకం అతనికి ఒక అధ్యాయం ఇచ్చింది.

ఇలా చెబితే అంతా సాఫీగా జరిగినట్టు ఉంటుంది. జరగలేదు. నార్డిక్ కంబైన్డ్‌లో జపాన్‌కు చెందిన ఒగివారా కెంజి 1993లో ఫాలున్‌లో గెలిచాడు, 1997లో ఏకంగా నార్వే గడ్డ మీద, ట్రాండ్‌హైమ్‌లో గెలిచాడు. 1998 నాగానో ఒలింపిక్స్‌లో జపాన్ జంపర్లు టీమ్ స్వర్ణం కొట్టారు. ఆ వెంటనే జంపింగ్‌లో స్కీల పొడవు నిబంధన మారింది. అంతకు ముందు ఆటగాడి ఎత్తుకు 80 సెంటీమీటర్లు కలిపినంత పొడవు వాడనిచ్చేవారు, ఇప్పుడు ఎత్తులో 146 శాతం అన్నారు. 165 సెంటీమీటర్లవాడికి పాత లెక్కలో 245 వచ్చేది, కొత్త లెక్కలో 241కి లోపే. 180 ఉన్నవాడికి పాతది 260, కొత్తది దాదాపు 263. గాల్లో స్కీ రెక్కలా పనిచేసే ఆటలో ఇది చిన్న తేడా కాదు. ఇది తమ మీద గురిపెట్టిన నిబంధనేనని జపాన్‌లో చాలామంది నమ్మారు. భద్రత కోసమా, గురిపెట్టా అన్న తగువు తీర్చడం నా పని కాదు. పొట్టివాళ్ళకు నష్టం జరిగిందన్నది మాత్రం కూడికలు, గుణకారాలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. పుట్టింటివాళ్ళ చేతిలో నిబంధనల పుస్తకం ఉన్నంత కాలం, ఓటమిని ఒప్పుకోవడానికి బదులు పుస్తకాన్ని సవరించే ఆశ వాళ్ళను వదలదు. ఆడవాళ్ళ విషయంలో ఇంతకన్నా సిగ్గుపడాలి. మహిళల జంపింగ్ ఛాంపియన్‌షిప్స్‌లోకి 2009లో, కంబైన్డ్ 2021లో, 50 కిలోమీటర్ల పందెం 2025లో వచ్చాయి. పేరులో ప్రపంచం ఉన్నా దానిలో సగానికి జంపింగ్‌లో చోటివ్వడానికే ఎనభై ఏళ్ళకు పైన పట్టింది.

ఇప్పుడు క్యారమ్ దగ్గరికి వద్దాం. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో పుట్టింది మన చెన్నైలోనే. 1991లో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ విజేత మరియా ఇరుదయం చెన్నైవాడే, 1995లో కొలంబోలో మళ్ళీ గెలిచాడు. 2016లో బర్మింగ్‌హామ్‌లో మహిళల కిరీటం హైదరాబాదీ అపూర్వది. ఒకే కొలత బోర్డు, 15 గ్రాములు మించని స్ట్రైకరు, 25 పాయింట్ల గేమ్ అని ఊరికో తీరున ఉన్న ఆటను ఒక కట్టుకు తేవడం ఆ సమాఖ్య చేసిన మంచి పని. బొటనవేలితో కొట్టడం దొంగాటని చాలా ఇళ్ళలో కొట్లాడుకునేవారు, సమాఖ్య దాన్ని అనుమతించింది. తలుపూ తెరిచే ఉంది, జర్మనీ, స్విట్జర్లాండ్, పోలండ్ లాంటి దేశాల్లో ఆడుతున్నారు. ఆడపిల్లలకు చోటివ్వడంలో స్కీయింగ్‌కు మన ఆట పాఠం చెప్పగలదు. కాబట్టి ‘ప్రపంచ విజేత’ అన్న బిరుదు కీర్తనకూ కాజిమాకూ చెల్లుతుంది, 1925లో గెలిచిన చెకొస్లొవాకియా ఆటగాళ్ళకు చెల్లినంతగానైనా. లోటు వేరే చోట ఉంది. 2012లో కొలంబోలో శ్రీలంకకు చెందిన నిశాంత ఫెర్నాండో పురుషుల టైటిల్ కొట్టాడు. అలాంటి రోజులు ఈ ఆటకు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మనం ఎక్కువగా మనల్నే ఓడించుకుంటున్నాం. ప్రపంచకప్ ఫైనల్ కన్నా జాతీయ పోటీల సెమీఫైనల్ గెలవడమే కష్టమైతే, ఎత్తిపొడుపుకు కొంత బలం మిగులుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మేడ మీద కూర్చుని ఓటములు కోరుకోవడం రాసేవాడికి తేలిక. కాసిమేడులో, చెరియన్ నగర్‌లో ఒక పతకమంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, ఒక ఉద్యోగం, ఇంటికి ఒక ఆధారం. కాజిమాకు తమిళనాడు ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది. వేరే దేశాలవాళ్ళు బలపడితే ఆ దారి మూసుకుపోదా? ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చను. కానీ పోటీ సన్నగా ఉన్న ఆటలో పతకానికి ప్రభుత్వం ఇచ్చే విలువ ఎప్పుడూ దయ మీదే నడుస్తుంది. ఇరుదయానికి 1996 అర్జున అవార్డు వచ్చింది, క్యారమ్‌కు ఆ వరుస సాగలేదు. కాజిమాకు కోటి కూడా పత్రికల్లో, సోషల్ మీడియాలో గొడవ జరిగాకే వచ్చింది. చదరంగం ఆటగాడికి ఆ గొడవ అవసరం లేదు, ఎందుకంటే అతను ఓడించినవాళ్ళెవరో లోకానికి తెలుసు. నార్వేను చూడండి. 2025లో ట్రాండ్‌హైమ్‌లో యోహాన్నెస్ క్లాబో ఆరు పందేలకు ఆరూ గెలిచాడు. అది సోవియట్లూ, జపనీయులూ, అమెరికన్లూ, ఇటాలియన్లూ ఎన్నో తరాల పాటు ఓడించి చూపిన నార్వే విజయం కాబట్టే దానికా బరువు. ప్రత్యర్థులు బలపడినందువల్ల వాళ్ళ పతకాల పెట్టె ఖాళీ కాలేదు.

చేయవలసినది పెద్ద విషయమేమీ కాదు. ఉత్తర చెన్నైలో పిల్లలకు ఏళ్ళ తరబడి ఉచితంగా నేర్పుతున్న శిక్షకులు ఉన్నారు. వాళ్ళలో కొందరిని ఏడాదికి రెండు మూడు నెలలు మాలేకో, వార్సాకో పంపి అక్కడి పిల్లలకు నేర్పించాలి. నిబంధనల కమిటీలో భారతీయుల కన్నా బయటివాళ్ళు ఎక్కువమంది ఉండేలా చూడాలి, అప్పుడే స్కీల పొడవులాంటి తగువులు రాకుండా ఉంటాయి. ఇందుకయ్యే ఖర్చు ఒక విజేతకిచ్చే బహుమతిలో చిన్న వంతు. ఆ శిక్షణతో తయారైన పోలండ్ అమ్మాయి ఎవరో చెన్నైకే వచ్చి, నిండిన హాల్లో మన అమ్మాయి మీద గెలిస్తే, మర్నాడు ఆ వార్త పత్రికల్లో క్రీడల పేజీ పైభాగాన పడుతుంది. ఇప్పుడు మన గెలుపులు జిల్లా పేజీలో పడుతున్నాయి.