గోడలు లేని ఖైదు

మ్యూజియంగా మారిన జైళ్లలో మన దేశంలో అందరికీ తెలిసింది అండమాన్ సెల్యులార్ జైలు. 1979లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి దాన్ని జాతికి స్మారకంగా అంకితం చేశాడు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. పగలు గదులూ గానుగా ఉరికంబమూ చూపిస్తారు. చీకటి పడ్డాక రావిచెట్టు గొంతుతో కథ వినిపిస్తారు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తారు. ఆ కన్నీళ్లను మేము తక్కువ చేయడం లేదు. మనుషుల్ని ఎడ్లలా గానుగ తిప్పించిన చోటది. మేము అడిగేది ఒకటే: ఈ కథ ఎక్కడ మొదలుపెడుతున్నారు?

జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. కట్టింది ఖైదీలే. అంటే గోడలు లేవకముందే ఖైదు ఉంది. 1858 మార్చిలోనే 1857 తిరుగుబాటుదారుల్ని, సుమారు 200 మందిని, అక్కడ దించారు. అడవే వాళ్లకు జైలు, సముద్రమే గోడ. కాలాపానీ అన్నమాట వాళ్ల రోగాల్లో, వాళ్ల చావుల్లో నిజమైంది. మ్యూజియంలో వీళ్లు ముందుమాట. అసలు పుస్తకం 1909 తర్వాత తెరుచుకుంటుంది. పాలరాతి మీద చెక్కిన పేర్లూ ఆ తర్వాత వచ్చినవాళ్లవే.

ఆ ముందుమాటలో ఎవరున్నారు? ఫజ్లె హఖ్ ఖైరాబాదీ ఉన్నాడు. పండితుడు, కవి. తిరుగుబాటు కథను ఆ దీవిలోనే అరబ్బీలో రాసి, 1861లో అక్కడే చనిపోయాడు. మన హైదరాబాద్ మౌల్వీ అలావుద్దీన్ ఉన్నాడు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసినవాడు. తుర్రేబాజ్‌ని కాల్చి చంపి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీని కాలాపానీకి పంపారు, మళ్లీ రాలేదు. 1872లో వైస్రాయ్ మేయోని పొడిచి చంపి, వైపర్ దీవిలో ఉరికెక్కిన షేర్ అలీ ఉన్నాడు. వీళ్లెవరికీ సెల్యులార్ జైల్లో గది లేదు. గది లేనివాడికి చరిత్రలో చోటు ఉండదా?

తెలుగువాళ్లం మనమైనా తక్కువ తినలేదు. ఎవడన్నా ఎగిరిపడితే ‘పెద్ద తురుంఖానువా?’ అంటాం. ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందంటారు. ప్రాణం ఇచ్చినవాడి పేరు మన నోట్లో వెటకారమైంది.

ఇక ఆ జైల్లో 1911 నుంచి 1921 దాకా ఉన్న సావర్కర్ సంగతి. ఆయన పడ్డ బాధ అబద్ధం కాదు. క్షమాభిక్ష అర్జీలు పెట్టుకున్నదీ అబద్ధం కాదు. 2002లో పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. దిగగానే కనిపించే పేరు అదే. 1923లో హిందుత్వ గురించి రాస్తూ, ఈ దేశాన్ని పితృభూమిగానే కాక పుణ్యభూమిగా కూడా భావించినవాడే హిందువని గీత గీసి, మమ్మల్ని అవతల నిలబెట్టింది ఆయనే. ఖైరాబాదీ ఖబర్ ఆ ఊళ్లోనే, సౌత్ పాయింట్ దగ్గర ఉంది. ఈ మట్టి కోసం శిక్షపడి ఈ మట్టిలోనే కలిసినవాడికి ఏది పుణ్యభూమో ఎవరు తేలుస్తారు?

2024లో ఊరి పేరే శ్రీ విజయపురం అయింది. తెల్లవాడి పేరు పోతే మాకు దిగులు లేదు. పాత పేర్లు చెరిపేటప్పుడు ఎవరి పేర్లు రాస్తున్నారో చూడక తప్పదు.

మావాళ్లనూ అడగాలి. మజార్ ఉన్న ఆలింనే తలుచుకుంటాం. మౌల్వీల వెంట ఓడెక్కిన పేద సిపాయిని, పేరు రాయడం రానివాణ్ని మేమూ మరిచాం. షేర్ అలీని మహాదేశభక్తుడిగా పోతపోయడం కూడా మాకొద్దు. పాత పగతో హత్య చేసి శిక్షపడి వచ్చినవాడతను. ఉన్నదున్నట్టు చెబితే చాలు.

మా దేశభక్తికి రుజువులు చూపడానికి ఈ పేర్లు ఎత్తడం లేదు. రుజువు అడిగే హక్కు ఎవరికీ లేదు. రావిచెట్టు కథ చెప్పేటట్టయితే 1858 నుంచి చెప్పాలి. గోడలకన్నా ముందు అక్కడికి చేరినవాళ్లను పేరుపేరునా పిలవాలి.