వంగిన టేకు, అతికిన గిటార్

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి కళాకారులు ఒకే పనస మానును తొలిచి వీణ కుండ, దండి అన్నీ అందులోనే తీస్తారు. ఆ ఏకాండి వీణకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ దాని కీర్తి చాటున మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది: అతుకు పడితే వాద్యం విలువ తగ్గినట్టేనని. అది సరికాదు. నిజామాబాద్, బోధన్ వైపు వడ్లవాళ్ల పని తెలిసినవారు ఆ మాట అనరు.

బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి లారీలు, ట్రాక్టర్లు పెరగకముందు చెరకు చేరింది ఎడ్లబండ్ల మీదే. ఆ బండి చక్రం అంచును ఒకే చెక్కలో కోస్తే, పొర అడ్డం పడ్డచోట చీలిపోతుంది. అందుకే పూటీలు, అంటే అంచు ముక్కలు, విడిగా చెక్కి, ప్రతి పూటీలో పొర అంచు వెంటే సాగేలా అమర్చి, కాల్చిన ఇనుప పట్టాతో బిగించేవారు. గోదావరి దాటితే నిర్మల్. అక్కడ పొనికి బొమ్మల ముక్కలను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుతారు. అతుకు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎలక్ట్రిక్ గిటార్‌కూ కాదు: 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ మహాగని మీద మేపుల్ పలక అతికించిన వాద్యమే.

ఇక్కడి టేకుతో గిటార్ ఒళ్లు అతకాలంటే అసలు చిక్కు వాతావరణం. మే నెల ఎండలు 45 డిగ్రీల దాకా పోతాయి, జులైకల్లా గాలి నిండా తేమ. చెక్క వలయాల వెంట కుంచించుకునేంతలో దాదాపు సగమే, నడిమి నుంచి బెరడు వైపుకు కుంచించుకుంటుంది. అందుకే మాను పక్కనుంచి కోసిన పలక ఆరేకొద్దీ బెరడు వైపు గుంట పడుతుంది. పాత ఇండ్లు కూల్చినప్పుడు దొరికే టేకు దూలాలు ఏళ్ల తరబడి ఆరినవి కాబట్టి మేలు. మేకులు ఏరేశాకే రంపం పెట్టాలి.

వంగిన పలకను బిగించి, బలవంతాన చదును చేసి అతికించడం పెద్ద పొరపాటు. సన్నని పలకలు లొంగుతాయి. మందపు పలక లొంగినట్టే ఉండి, వానాకాలం రాగానే అతుకును లాగేస్తుంది. దారి వేరే ఉంది. గిటార్ ఒంటికి దాదాపు 13 అంగుళాల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం కావాలి. 12 అంగుళాల పలకలో 8 మిల్లీమీటర్ల గుంట ఉందనుకోండి. నిలువునా రెండుగా చీలిస్తే ఒక్కోదాంట్లో గుంట 2 మిల్లీమీటర్లే, ఎందుకంటే వెడల్పు సగమైతే లోతు నాలుగో వంతవుతుంది. రందకు పోయే చెక్క అంతగా తగ్గుతుంది! వెడల్పు ముందే ఒక అంగుళం తక్కువ, అతుకుల్లో, రందలో ఇంకొంత పోతుంది కనుక మూడో ముక్కను సిద్ధం చేసుకోవాలి.

ముక్కను గుంట కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టి, కింద సన్నని చెక్కముక్కలు దూర్చాలి. లేకపోతే రంద ఒత్తిడికి పలక కిందికి వంగి, చేయి తీయగానే మళ్లీ లేస్తుంది. మెలిక తెలియాలంటే రెండు సరి కర్రలను రెండు కొసల్లో నిలిపి, కన్ను వాటి ఎత్తుకు దించి చూడాలి. రెండు అంచులు ఒకే గీతలో కలవకపోతే ఎత్తుగా ఉన్న మూలలకు ముందుగా, పొరకు అడ్డంగా రంద వేయాలి. అతికే అంచులను పుస్తకం మూసినట్టు జతచేసి ఒకేసారి రంద పట్టడం నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం. రంద కాస్త వాలినా ఒకదాని తప్పును రెండోది సరిదిద్దుతుంది.

టేకులో నూనె ఉంటుంది. జిగురు రాసే ముందు అంచును థిన్నర్‌తో తుడవాలి. ముక్కలను బిగించే శికంజాలు ఒకటి పైన, ఒకటి కింద వేసి, జిగురు సన్నగా పొడుచుకొచ్చేంతే బిగించాలి. మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. రాత్రంతా ఆరాక శికంజాలు తీసి, కొన్ని రోజులు గాలాడేలా ఉంచి, మిగిలిన వంపు చూసుకుని చివరి రంద పట్టాలి. పాలిష్ రెండు ముఖాలకూ సమంగా, కొసల్లోని అడ్డపొరకు మరో పూత ఎక్కువగా వేయాలి. తేమ తొందరగా చొరబడేది అక్కడినుంచే.