అణుజీవశాస్త్రము : పదములపై ఒక విమర్శ

గోదావరి యొడ్డున బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిని పిల్లల చేయి పట్టి తొలి అక్షరము దిద్దించుట మనవారికి తరతరాల ఆచారము. అదే ఊర 2008లో వెలసి, ట్రిపుల్ ఐటీ యని అందరు పిలుచు విశ్వవిద్యాలయము పదవ తరగతి ముగించిన పిల్లలను చేర్చుకొని ఆరేండ్లు ఇంజనీరింగు చెప్పుచున్నది. జీవశాస్త్రమున ఎం.ఎస్‌సి. కోరు విద్యార్థి మాత్రము నిజామాబాదుకో, హైదరాబాదుకో రైలెక్కవలసినదే. అక్కడ బోధన, పరీక్ష, సిద్ధాంతవ్యాసము అన్నియు ఇంగ్లీషుననే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియెటు, డిగ్రీ పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరించినది గనుక, తెలుగున చదివి వచ్చిన వానికి కొంత పదసంపద చేతనుండును. ఆ పదములు వానికి మెట్లుగా నిలుచునా, అడ్డుగా నిలుచునా యని విచారింపవలెను.

మొదట శాస్త్రము పేరే చూడుడు. మాలిక్యులర్ బయాలజీ యను మాటను 1938లో రాక్‌ఫెల్లర్ సంస్థ నివేదికలో వారెన్ వీవర్ వాడెను. జీవుల పనులను వాటిలోని అణువుల నిర్మాణమును బట్టి వివరించు శాస్త్రమని భావము. మనము అణుజీవశాస్త్రమంటిమి. అణు, జీవశాస్త్రము అని విడదీసిన సరియే. అణుజీవ, శాస్త్రము అని విడదీసితిమా, మిక్కిలి చిన్న జీవుల శాస్త్రమగును, అనగా మైక్రోబయాలజీ! అచ్చులో నడుమ ఖాళీ విడువవచ్చును గాని, తరగతిలో పలుకునపుడు ఆ ఖాళీ వినబడదు. పైగా బడిలో అణువనగా మాలిక్యూల్, వార్తాపత్రికలో అణుబాంబనగా ఆటమ్ బాంబు. పోనీ, జీవాణుశాస్త్రమందమా? బాసర దాటగానే వచ్చు స్టేషను ధర్మాబాదు మహారాష్ట్రములోనిది. అక్కడి మరాఠీలో జీవాణువనగా బాక్టీరియా!

ఈ రెండు శాస్త్రములు నిజముగా ఇరుగుపొరుగులే. అణువుల సంగతి మనకు మొదట తెలిపినవి బాక్టీరియాలు, వాటిని తిను ఫాజ్‌లు. కావుననే పేర్లు కలగాపులగమైన చిక్కు పెద్దది. సూక్ష్మజీవశాస్త్రమను మాటలో ఏ లోపమును లేదు. రెండవదానిని, మేలైన పేరు దొరకువరకు, మాలిక్యులర్ బయాలజీ యనియే తరగతిలో పలుకుట మంచిదని నా అభిప్రాయము.

అన్ని పదములు ఇట్టివి కావు. డి.ఎన్.ఎ.లోని రాతను ఆర్.ఎన్.ఎ.గా ఎత్తి వ్రాయుటకు అనులేఖనమనియు, ఆ రాతను ప్రోటీనుగా మార్చుటకు అనువాదమనియు పెట్టినవారికి నమస్కారము. మొదటిదానిలో లిపి దాదాపు అదే, టి బదులు యు వచ్చును. రెండవదానిలో భాషయే మారును. ఇంగ్లీషు మాటలు రానివాడును ఈ భేదమును గ్రహింపగలడు.

ప్రతికృతి యను మాటతో నాకు పేచీ యున్నది. డి.ఎన్.ఎ. రెండింతలగుటకు దీనిని వాడుచున్నారు. ప్రతికృతి యనగా బొమ్మ. అసలు ఒకచోట, నకలు మరొకచోట. ఇక్కడ జరుగునది అది కాదు. రెండు పేటల త్రాడు విడిపోయి, ఒక్కొక్క పాత పేట తనకొక కొత్త పేటను అల్లుకొనును. ప్రతి సంతానములోను ఒకటి పాతది, ఒకటి కొత్తది. 1958లో మెసెల్సన్, స్టాల్ అనువారు బరువైన నత్రజనితో పెంచిన బాక్టీరియాలలో దీనిని నిరూపించిరి. ప్రతికృతి యను మాట ఆ ప్రయోగపు సారమునే దాచివేయుచున్నది.

ఉత్పరివర్తన మరింత బరువు. విచిత్రమేమనగా, మ్యుటేషన్ అను మాట ఆదిలాబాదు రైతుకు బాగుగా తెలియును. పట్టా పేరు మార్పించుటకు ఆఫీసుల చుట్టు తిరిగినవాడు గదా! రికార్డులో మార్పు, అది వారసులకు సంక్రమించుట, రెండును ఆ మాటలో నున్నవి. ఆ తెలిసిన మాటను విడిచి తెలియనిదాని వెంటబడుటేల?

ఉపాధ్యాయులు తరగతిలో ఈ వాక్యమును వ్రాయించి చూడవచ్చును: కలప పడవ నడక సులువు. ప్రతి మాటకు మూడే అక్షరములు. కణము కూడ రాతను మూడేసి అక్షరములుగనే చదువును. కలపలో చివరి అక్షరము మార్చి కలత అన్నచో చెడునది ఒక్క మాటయే. అట్లు గాక, కలపలోని ల తొలగించి మరల మూడేసిగా చదువుడు: కపప డవన డకసు లువు. వాక్యమంతయు చెడినది. ఇప్పుడు పడవలోని ప, డ కూడ తొలగింపుడు: కపవ నడక సులువు. తోక మరల బాగుపడినది! 1961లో క్రిక్, బ్రెన్నర్ ప్రభృతులు ఫాజ్ జన్యువులో ఒక అక్షరము, రెండు, మూడు తప్పించియు చేర్చియు చూచి, రాత మూడేసి అక్షరములదని తేల్చినది ఈ తర్కముతోనే. దీనిని తెలుగున ఒకసారి చేసిన పిల్లవాడు, ఎం.ఎస్‌సి.లో ఫ్రేమ్‌షిఫ్ట్ అను మాట విన్ననాడు కలప పడవను తలచుకొనును.